ఎదిగే పిల్లల ఎముకల లెక్క ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మా చెల్లెలి కొడుకు తొమ్మిదో తరగతిలో ఉండగా విశాఖ ఎంవీపీ కాలనీలో సైకిల్ మీంచి పడ్డాడు. స్పీడేం లేదు, ఆపి ఉన్న సైకిలే పక్కకి ఒరిగింది. అయినా మణికట్టు దగ్గర ఎముక విరిగింది. "ఏం పెడుతున్నావే పిల్లాడికి?" అని మా అమ్మ చెల్లిని కడిగేసింది.

తప్పంతా తిండిది కాదు. ఈ వయసులో ఎముక ముందు పొడుగు సాగుతుంది, క్యాల్షియం లాంటి ఖనిజం నిండడం కొన్ని నెలలు వెనకబడుతుంది. ముంజేతులు ఎక్కువగా విరిగేది ఆ సందులోనే. కెనడాలోని సస్కచవాన్‌లో 1991 నుంచి పిల్లల్ని ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, బాగా పొడుగయ్యే ఆ రెండేళ్లలోనే చేరుతుందని తేలింది. అది జోరుగా చేరే వయసు ఆడపిల్లలకి సుమారు పన్నెండున్నర, మగపిల్లలకి పద్నాలుగు. సరిగ్గా మనం ఆటలు మాన్పించి ట్యూషన్లకి తోలే వయసు.

మొదట మూడు రోజుల చిట్టా రాయండి: రెండు స్కూలు రోజులు, ఒక ఆదివారం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లెక్క ప్రకారం రోజుకి క్యాల్షియం 10-12 ఏళ్లవారికి 850 మి.గ్రా., 13-15కి 1000, 16-18కి 1050 కావాలి. గ్లాసు (200 మి.లీ.) పాలలో సుమారు 240 ఉంటుంది. టీలో పోసే నాలుగు చెంచాల పాలని గ్లాసుగా రాయకండి, మా చెల్లి రాసింది.

తగ్గినది చోళ్ళతో (రాగులతో) పూడ్చడం మన వైపు తేలిక. వంద గ్రాముల చోడి పిండిలో దాదాపు 350 మి.గ్రా. ఉంటుంది. రాత్రి పిండి కలిపి పులియబెట్టి, పొద్దున్న కాచి మజ్జిగ పోస్తే రెండూ కలిసొస్తాయి. మునగాకు మంచిదే. పాలకూరలో క్యాల్షియం కనిపిస్తుంది గానీ దాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్ల వల్ల ఒంటికి పట్టేది చాలా తక్కువ. చేపలు తినేవాళ్లయితే ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు తెచ్చుకోండి. ఎండువైతే ఉప్పు కడిగి వండాలి.

ఎండ విషయంలో మన బీచ్ రోడ్డు నడక మోసం చేస్తుంది. తెల్లారగట్ల సూర్యుడు వాలుగా ఉంటాడు కాబట్టి విటమిన్-డి తయారు చేసే కిరణాలు అంతగా అందవు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడు, చేతులు కాళ్లు కప్పకుండా, ఒళ్లు కమలకుండా కాసేపు నిలబడితే పని జరుగుతుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఆ కిరణాలు రావు. మెడికల్ షాపులో 60,000 యూనిట్ల విటమిన్-డి సాచెట్ అడిగి తెచ్చి వేసెయ్యడం మాత్రం వద్దు.

తర్వాత గెంతించాలి. స్కూలు పిల్లలచేత వారానికి మూడు సార్లు గెంతులు వేయించి చూసిన పరిశోధనల్లో తుంటి ఎముకలో ఖనిజం పెరిగింది. స్కిప్పింగ్, ఖోఖో, బ్యాడ్మింటన్ ఏదైనా సరే. ఈత గుండెకి బావుంటుంది గానీ, నేలని తన్నుకోవడం లేదు కాబట్టి ఎముకకి అంత ఒరిగేదేం లేదు.

ఇంటి వైద్యంతో ఆగకూడని సంగతులున్నాయి. దెబ్బ లేకుండానే వచ్చిన నడుం నొప్పి, మళ్లీ మళ్లీ ఎముక విరగడం, పదిహేనేళ్లొచ్చినా నెలసరి మొదలవకపోవడం, మొదలై మూడు నెలలు ఆగిపోవడం, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు, కొన్ని ఫిట్స్ మందులు. ఇవి ఉంటే డాక్టరుకి చూపించాలి. మందులు మీ అంతట మీరు ఆపకండి.

ఎముక సాంద్రత కొలిచే స్కాన్ (డెక్సా) తీయిస్తే రిపోర్టులో 'జెడ్-స్కోరు' చూడండి. మావాడికి ఓ ల్యాబ్‌లో తీసిన డెక్సాలో టీ-స్కోరు వేసి పక్కన 'ఆస్టియోపోరోసిస్' (ఎముకలు గుల్లబారే జబ్బు) అని కొట్టారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. టీ-స్కోరు ఎదుగుదల పూర్తయిన, పడుచు వయసు పెద్దవాళ్ల ఎముకతో పోలుస్తుంది. పద్నాలుగేళ్లవాడు దానిముందు తక్కువగానే కనిపిస్తాడు. పిల్లల్ని ఈడువాళ్లతో పోల్చేది జెడ్-స్కోరు. పొట్టిగా ఉన్న పిల్లలకి ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోవాలి. అది -2 కంటే తగ్గినా, విరిగిన చరిత్ర చూడకుండా ఆ జబ్బు పేరు పెట్టరు.

డాక్టరుగారు టీ-స్కోరు గడిని పెన్నుతో అడ్డంగా కొట్టేసి, "వీడికేం లేదు, ఆడుకోనివ్వండి" అన్నారు. మా అమ్మ మాత్రం చోడి అంబలి మాన్పించలేదు.