డిశ్చార్జ్ తర్వాత బ్లడ్ థిన్నర్లు: ఇంటికి వెళ్ళే ముందే ఏం తేల్చుకోవాలి

డిశ్చార్జ్ అయ్యే పేషెంట్లకు మందులు వివరించి పంపడం నా పని. అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చుని చెప్పేది బ్లడ్ థిన్నర్ల గురించే. డోసు చాలకపోతే రక్తం గడ్డకడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. వార్డులో ఉన్నన్నాళ్ళూ ఎవరో ఒకరు చూసుకుంటారు. ఇంటికెళ్ళాక ఎవరు చూడాలో చాలామందికి తెలియదు. ఆపరేషన్ చేసిన డాక్టరు మీ ఫ్యామిలీ డాక్టరు చూస్తారనుకుంటారు, ఆయనకేమో కాగితమే అందదు.

అందుకే బిల్లు కట్టే హడావిడిలో పడకముందే అడగండి: "ఇకమీదట ఈ మందు డోసు ఎవరు చూస్తారు?" ఆ డాక్టరు పేరు, ఫోన్ నంబరు డిశ్చార్జ్ సమ్మరీ మీదే రాయించుకోండి. మందు ఎందుకు ఇచ్చారు, ఎన్ని మిల్లీగ్రాములు, ఆస్పత్రిలో చివరి డోసు ఎన్నింటికి పడింది, ఎప్పటిదాకా వాడాలి అన్నవి కూడా అందులోనే ఉండాలి.

ఎక్కువగా తేడా వచ్చేది డోసు మారే రోజు దగ్గర. కాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ ఉన్నవాళ్ళకు అపిక్సబాన్ అనే బ్లడ్ థిన్నర్ మామూలుగా మొదటి 7 రోజులు పూటకు 10 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటలా ఇస్తారు, 8వ రోజు నుంచి పూటకు 5. రివరాక్సబాన్ అయితే 21 రోజులు 15 చొప్పున రెండు పూటలా, తర్వాత రోజుకు ఒక్కసారి 20, రెండు డోసులూ భోజనంతోనే. ఇందులో కొన్ని రోజులు ఆస్పత్రిలోనే గడిచిపోయి ఉంటాయి, వాటినీ లెక్కలో కలపాలి. నేను క్యాలెండర్ తెరిపించి, డోసు మారే తేదీకి వాళ్ళ చేతే గుండ్రంగా గీత గీయిస్తాను. అపిక్సబాన్ 5 మిల్లీగ్రాముల మాత్రలైతే "ఈ రోజు నుంచి పూటకు రెండు మాత్రల బదులు ఒకటి" అని పక్కన రాయిస్తాను. మొదటి ప్యాక్ అయిపోగానే కోర్సు పూర్తయిందని ఆపేసేవాళ్ళున్నారు, అది చాలా ప్రమాదం. గుండె లయ తప్పినందుకు ఇవే మందులు వాడేవాళ్ళకు ఈ ఎక్కువ డోసు దశ ఉండదు. కాబట్టి పక్కింటివాళ్ళ చీటీతో పోల్చుకోకండి.

వార్ఫారిన్ అనే పాత బ్లడ్ థిన్నర్ వ్యవహారం వేరు. పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. గడ్డ ఉన్నవాళ్ళకు అందాకా హెపారిన్ రకం ఇంజెక్షన్ కూడా ఇస్తారు, కనీసం 5 రోజులు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే రక్తపరీక్ష) 2 దాటి ఒక రోజంతా నిలిచేదాకా. ఇంజెక్షన్లతో ఇంటికి పంపిస్తుంటే అవి ఎవరు వేస్తారు, ఎవరు ఆపమంటారు అన్నది ముందే తేల్చుకోండి. ఐఎన్ఆర్ చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండాలి, కొన్ని కృత్రిమ వాల్వులకు ఇంకాస్త ఎక్కువ. మొదటి టెస్ట్ తేదీ చేతికి రాకుండా బయల్దేరకండి. టెస్ట్ చేయించుకుంటే చాలదు, రిపోర్టు చూసి డోసు చెప్పే మనిషి కావాలి. చిన్న నోటుబుక్కులో తేదీ, ఐఎన్ఆర్, డోసు, తర్వాతి టెస్ట్ రాస్తూ ఉండండి. ఆకుకూరలు మానేయక్కర్లేదు, ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే చాలు.

ఇంటికి చేరగానే పాత మందుల సంచీ బయటికి తీయండి. అందులో వార్ఫారిన్ స్ట్రిప్ ఉండి, కొత్తగా అపిక్సబాన్ రాసి ఉంటే, రెండూ కలిపి వేసుకునే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కొనసాగించాలో లేదో డాక్టర్ని సూటిగా అడగండి. నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దు. మెట్రోనిడజోల్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌తో వార్ఫారిన్ ప్రభావం బాగా పెరుగుతుంది. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా, పళ్ళ డాక్టరైనా సరే, బ్లడ్ థిన్నర్ వాడుతున్నామని ముందే చెప్పండి. పన్ను తీయించుకోవాలని మీ అంతట మీరే మందు ఆపేయొద్దు.

మలం నల్లగా తారులా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా (పైకి ఏమీ కనిపించకపోయినా సరే), మూతి వంకరపోయినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. డోసు మర్చిపోతే ఏం చేయాలన్నది మందును బట్టి మారుతుంది, అదీ ముందే రాయించుకోండి. మర్నాడు రెట్టింపు వేసుకోవడం మాత్రం వద్దు. అపిక్సబాన్, రివరాక్సబాన్ ప్రభావం ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది, అందుకని స్ట్రిప్పులో వారానికి సరిపడా మాత్రలు ఉండగానే కొత్తవి తెచ్చుకోండి.