వరద సాయం: ఇల్లు వదిలొచ్చిన కుటుంబానికి మీరు దగ్గరుండి చేయించాల్సిన పనులు

వరదకి ఇల్లు వదిలి మీ ఇంటికొచ్చిన చుట్టాలకి ముందు అన్నం పెట్టాలి, బట్టలివ్వాలి, అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వెంటనే కాగితాల పని మొదలవుతుంది. దాన్ని ఎవరో ఒకరు నెత్తినేసుకోవాలి, ఎందుకంటే మునిగిన ఇంట్లో బురద ఎత్తిపోసుకునేవాళ్లకి ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉండదు. ఇక్కడ రాస్తున్నది ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి, ఉదాహరణలు ఎక్కువగా 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడని ముంచినప్పటివి.

చాలామంది మీసేవకి పరిగెత్తి వరద సాయం ఫారం ఇవ్వండి అంటారు. సాధారణంగా మొదట ఫారం అంటూ ఏమీ ఉండదు. ప్రభుత్వమే ఇంటింటికీ బృందాల్ని పంపి నష్టం రాసుకుంటుంది, అదే ఎన్యూమరేషన్. అందులో పేరు, ఆధార్, నష్టం సరిగ్గా ఎక్కితే డబ్బు ఖాతాలో పడుతుంది. ఎక్కకపోతేనే అర్జీ.

చిక్కు ఏంటంటే ఇల్లు వదిలొచ్చినవాళ్ల తలుపుకి తాళం ఉంటుంది. బృందం వచ్చి చూసి, డోర్ లాక్ అని రాసుకుని పక్కింటికి వెళ్లిపోతుంది. నిజంగా ఎక్కువ నష్టపోయినవాళ్లే అక్కడ ఉండరు, కాస్త తక్కువ మునిగినవాళ్లు ఇంట్లోనే ఉండి పేరు రాయించుకుంటారు, ఇంతకన్నా తలకిందుల వ్యవహారం ఇంకోటి లేదు. కాబట్టి మీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో కనుక్కుని, మీ వీధికి బృందం ఎప్పుడు వస్తుందో తెలుసుకుని, ఆ రోజు కుటుంబంలో ఒక పెద్ద మనిషిని ఆధార్ నంబరుతో, బ్యాంకు పాస్‌బుక్‌తో ఇంటి ముందు ఉంచండి. పిల్లల్ని, ముసలివాళ్లని లాక్కురావక్కర్లేదు. అప్పటికే వచ్చి వెళ్లిపోయి ఉంటే వార్డు సచివాలయంలో గానీ, ఊళ్లో అయితే వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గర గానీ అదే రోజు చెప్పి, రాతపూర్వకంగా కూడా ఇవ్వండి.

కడగక ముందే ఫోటోలు తీయండి. గోడ మీద నీటి మట్టం గీత, పాడైన ఫ్రిజ్, మంచం, బియ్యం, పగుళ్లు, అన్నీ. ఒక ఫోటోలో డోర్ నంబరు కూడా పడాలి. బండి మునిగితే స్టార్ట్ చేసి చూడొద్దు, నీళ్లు ఇంజన్‌లోకి వెళ్లాక స్టార్ట్ చేస్తే ఇన్సూరెన్స్ వాళ్లు కొర్రీ పెడతారు. ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే అయితే సొంత బండి నష్టానికి అందులో ఏమీ రాదు, ముందే తెలుసుకుంటే మంచిది.

డబ్బు లెక్కలు రెండు రకాలు, వీటిని కలిపేసుకుని కొట్టుకునేవాళ్లు ఎక్కువ. ఒకటి రాష్ట్ర విపత్తు నిధికి కేంద్రం పెట్టిన రేట్లు. 2022 నుంచి 2026 వరకు ఇచ్చిన ఆ పట్టికలో ఇల్లు పూర్తిగా దెబ్బతింటే మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000. పాక్షికంగా అయితే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, అది కూడా కనీసం 15 శాతం నష్టం ఉంటేనే. గుడిసెకి 8,000. బట్టలకి 2,500, సామాన్లకి 2,500. పాడి గేదె లేదా ఆవు పోతే 37,500, గొర్రె లేదా మేకకి 4,000. మనిషి చనిపోతే 4 లక్షలు.

రెండోది ఆ విపత్తు వరకు రాష్ట్రం విడిగా ప్రకటించే ప్యాకేజీ. బుడమేరు వరదకి గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులవాళ్లకి 10,000 ప్రకటించారు. చిన్న దుకాణాలకి, టూవీలర్లకి వేరే లెక్క. ఇది ఆ వరదకి మాత్రమే. రేపు ఇంకో ఊరు మునిగితే విజయవాడలో ఇచ్చారు కదా, మాకూ అంతే ఇవ్వాలి అంటే కుదరదు, కొత్త జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) చూడాల్సిందే.

పై రేట్లలో ఒకసారి ఆగి చూడండి. పూర్తిగా అని రాస్తే 1,20,000, పాక్షికంగా అని రాస్తే 6,500. ఒక్క మాటలో లక్షకి పైగా తేడా. గోడలు నిలబడి ఉన్నాయి కదా అని పాక్షికం రాసేస్తారు, పునాది కుంగిందని ఇంటివాళ్లు చెప్పరు, ఏడుపులో ఉంటారు. మీరు పక్కన ఉండి చూపించాల్సింది ఇదే. ఒప్పుకోకపోతే ఇంజనీరుతో తనిఖీ చేయించమని రాసివ్వండి. ఇంకోటి, ఆ కట్టడం అనుమతి ఉన్నదేనని అధికారి ధ్రువీకరించాలని కూడా నిబంధనల్లో ఉంది. కాలవ కట్టల మీద ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, కొళాయి బిల్లు, పట్టా ఏది దొరికితే అది బయటికి తీయండి. అద్దెకున్నవాళ్లు ఓనరు పేరు మీద రాయించుకోకండి. మునిగిన సామాను మీది, బట్టలకి, సామాన్లకి ఇచ్చేది కూడా ఆ ఇంట్లో ఉన్న కుటుంబానికే. అద్దె కాగితం లేకపోతే గ్యాస్ బుక్ అయినా చూపించండి.

కాగితాలు కొట్టుకుపోయాయంటే టెన్షన్ పడొద్దు. ముందు సిమ్ కార్డు డూప్లికేట్ తీసుకోండి, మిగతావన్నీ ఆ నంబరుకి వచ్చే ఓటీపీ మీదే ఆధారపడి ఉంటాయి. సిమ్ చేతికొస్తే ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అసలు కార్డుకి ఎంత విలువో దానికీ అంతే. బండి ఆర్సీ, లైసెన్సు డిజిలాకర్ యాప్‌లో ఉంటాయి. రిజిస్టరైన దస్తావేజుకి నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇస్తారు. పొలం అయితే దాని రికార్డులు, అంటే అడంగల్, 1-బి, మీభూమి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. కొన్ని ధ్రువపత్రాలు ప్రభుత్వం నడిపే మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009 లోనూ అడగొచ్చు.

తర్వాత బ్యాంకు. సాయం ఆధార్‌కి లింకైన ఖాతాలోకే వస్తుంది, లిస్టులో పేరుండి కూడా లింకు లేక డబ్బు పడనివాళ్లు విజయవాడలో ఉన్నారు. పాస్‌బుక్ ఉంది కదా అనుకోవద్దు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ప్రభుత్వ డబ్బు పడేలా ఆధార్‌ని ఖాతాకి జత చేయడం) అయిందా అని బ్యాంకులో అడగండి. రెండు మూడు ఖాతాలున్నవాళ్లకి ఆఖరున లింకు చేసిన దాంట్లో పడుతుంది, అది ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతా కూడా కావచ్చు.

లబ్ధిదారుల జాబితా సచివాలయంలో అంటిస్తారు. వెళ్లి చూసి ఫోటో తీసుకోండి. పేరు లేకపోతే తెల్లకాగితం మీద అర్జీ చాలు, ఇలా:

తహసీల్దార్ గారికి. నా పేరు ___, డోర్ నంబరు ___, ___ వార్డు. ఫలానా తేదీన మా ఇంట్లోకి ___ అడుగుల నీరు వచ్చింది. మేము ___ లో తలదాచుకున్నందున ఎన్యూమరేషన్ రోజున ఇంటి వద్ద లేము. జాబితాలో మా పేరు లేదు. దయచేసి తిరిగి తనిఖీ చేయించి, సాయం మంజూరు చేయగలరు. జతపరిచినవి: ఆధార్ నకలు, రేషన్ కార్డు నకలు, పాస్‌బుక్ మొదటి పేజీ, ఫోటోలు.

కింద సంతకం, ఫోన్ నంబరు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మళ్లీ చూస్తాంలే అని నోటిమాటతో పంపించేస్తే ఒప్పుకోవద్దు. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) ఇవ్వండి, లేదా ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేయండి. అర్జీ నంబరు జాగ్రత్త, ఆ తర్వాత ఎవరితో మాట్లాడినా ముందు అదే అడుగుతారు.

మనిషి చనిపోయిన ఇంట్లో పని వేరు. మరణానికి కారణం వరదేనని కాగితం మీద తేలాలి, అంటే పోలీసు పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. ఆ బాధలో పోస్టుమార్టం వద్దని తీసుకెళ్లిపోతుంటారు, తర్వాత 4 లక్షల ఫైలు అక్కడే ఆగుతుంది. ఆ మాట చెప్పడం కష్టమే కానీ దగ్గరివాళ్లలో ఎవరో ఒకరు నెమ్మదిగా చెప్పాలి.

బ్యాంకు అప్పులుంటే వాయిదాలు వెనక్కి జరపమని బ్రాంచి మేనేజరుకి రాసివ్వండి, విపత్తు ప్రాంతాల్లో అప్పులు రీషెడ్యూల్ చేయడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలున్నాయి. అడగనివాళ్లకి వాళ్లంతట వాళ్లు చేస్తారని ఎదురుచూడొద్దు.

ఇన్ని చేసినా ఫైలు కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో సెక్షన్ 12 ప్రకారం వరద, భూకంపం లాంటి విపత్తుల బాధితులకి ఉచితంగా లాయరుని ఇస్తారు. ఈ విషయం మన దగ్గర చాలామందికి తెలియదు. జిల్లా కోర్టు ఆవరణలో ఆఫీసు ఉంటుంది, ఫోన్ అయితే 15100.