గూడును చూసి సముద్రాన్ని అంచనా కట్టడం: కిట్టివేక్ కాలనీలో ఆహార కొరతను గుర్తించే పద్ధతి

సముద్రంలో చేప తగ్గిందో లేదో నేరుగా తెలుసుకోవాలంటే ఓడ, వలలు, సోనార్ కావాలి, వాటితో పాటు బోలెడంత డబ్బూ కావాలి. ఆ సమాచారంలో చాలా భాగం ఒడ్డున కొండచరియ మీద గూళ్లు పెట్టుకున్న పక్షుల దగ్గరే దొరుకుతుంది. అయితే వాటిని ఏ క్రమంలో గమనించాలో తెలిసినవారికే అది అందుతుంది. కిట్టివేక్ అనే చిన్న జాతి సీగల్‌ను, స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఫోర్త్ సముద్రపాయ ముఖద్వారాన ఉన్న ఐల్ ఆఫ్ మే దీవిని ఉదాహరణగా తీసుకొని ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పక్షినే ఎంచుకోవడానికి కారణం ఉంది. పఫిన్, గిల్లెమాట్ పక్షుల్లా ఇది లోతుకు మునగలేదు, నీటి పైపొరలో దొరికిన చేపనే పట్టుకుంటుంది. అందువల్ల చేప కాస్త లోతుకు దిగినా మిగతా పక్షుల కంటే ముందు దీని గూట్లోనే ఆకలి మొదలవుతుంది.

పని గుడ్ల కాలానికి ముందే మొదలవ్వాలి. చరియకు ఎదురుగా, పక్షులు బెదరనంత దూరంలో ఒక చోటు ఎంచుకొని, అక్కడి నుంచి ఫొటో తీసి, అందులో కనిపించే ప్రతి గూటికీ ఒక నంబరు వేయాలి. గూళ్లు బాగున్న భాగాన్ని ఏరుకోకూడదు, ఎందుకంటే చరియ నడిమి గూళ్లలో సాధారణంగా అనుభవమున్న జంటలు ఉంటాయి, అంచుల్లో కొత్తవి ఉంటాయి. రెండు రకాలూ లెక్కలోకి రావాలి. గుడ్లు ఏ తేదీన పెట్టాయి, గూటికి ఒకటా రెండా అన్నవి మొదటి సూచనలు. వసంతంలో తిండి బాగా దొరికితే గుడ్లు ముందుగా, సాధారణంగా రెండేసి వస్తాయి. కరువు ఏడాదిలో ఆలస్యమవుతాయి, ఒకే గుడ్డున్న గూళ్లు పెరుగుతాయి, మట్టీ గడ్డీ పేర్చి గూడు కట్టుకున్నా గుడ్డే పెట్టని జంటలు కూడా కనిపిస్తాయి.

సుమారు 27 రోజులు పొదిగాక పిల్లలు బయటికి వస్తాయి. రెండింటి మధ్య ఒకటి రెండు రోజుల తేడా ఉంటుంది, ఈ చిన్న తేడాయే తర్వాత కథను నడుపుతుంది. పిల్లల బరువు తూచడం అనుమతి పత్రమూ శిక్షణా ఉన్నవారు మాత్రమే, చేతికందే గూళ్లలో మాత్రమే చేయవలసిన పని. పిల్లను మెత్తని గుడ్డ సంచిలో పెట్టి స్ప్రింగ్ కాటాకు తగిలించి, ముల్లు నిలిచాక అంకె రాసుకొని, తర్వాత ఖాళీ సంచిని తూచి ఆ బరువు తీసేయాలి. సంచి తడిస్తే బరువు మారుతుంది కాబట్టి ఖాళీ సంచిని ప్రతిసారీ తూచడం మరవకూడదు. పిల్ల అప్పుడే మేత తిని ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది, అందుకే ఒకే గూటిని ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు తూచాలి.

పెరుగుదల మొదటి కొద్ది రోజులు నెమ్మదిగా సాగుతుంది, సుమారు అయిదో రోజు నుంచి ఇరవయ్యో రోజు వరకు తిన్నని గీతలా పైకి పోతుంది, తర్వాత వంగి చదునవుతుంది. మనకు కావలసింది ఆ తిన్నని భాగమే. ఉదాహరణకు ఆరో రోజున 110 గ్రాములున్న పిల్ల పద్దెనిమిదో రోజున 290 గ్రాములు తూగిందనుకుందాం. పన్నెండు రోజుల్లో 180 గ్రాములు, అంటే రోజుకు 15 గ్రాములు, తిండి బాగున్న చోట కనిపించే వేగమిది. పుట్టిన తేదీ తెలియని పిల్ల విషయంలో బరువుతో పాటు రెక్క పొడవు కూడా కొలవాలి. ఆకలితో ఉన్న పిల్ల కొవ్వును వదులుకుంటుంది గానీ రెక్క పెరుగుదలను వీలైనంత కాపాడుకుంటుంది, కాబట్టి రెక్క పొడవుకు తగిన బరువు లేకపోవడమే కొరతకు గుర్తు. ఎగరడానికి సిద్ధమవుతున్న పిల్లలను మాత్రం ముట్టుకోకూడదు, బెదిరి వేళ కాకుండానే దూకేస్తాయి.

ఈ పనిలో కొత్తవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. బతికి ఉన్న పిల్లల బరువు బాగుంది కనుక ఆహారం బాగుందని రాసేస్తారు. తిండి తగ్గినప్పుడు ముందు పుట్టిన పిల్ల తర్వాతి పిల్లను పొడిచి అణచిపెడుతుంది, చాలాసార్లు అది గూట్లోంచి కింద పడిపోతుంది లేదా ఆకలితో చనిపోతుంది. మిగిలిన ఒక్క పిల్ల ఇద్దరి మేతా తిని చక్కగా పెరుగుతుంది. అప్పుడు సగటు బరువు మామూలుగానే ఉంటుంది, కరువు మాత్రం నిజం. అందుకే నోట్‌బుక్‌లో పెద్ద పిల్లకూ చిన్న పిల్లకూ వేర్వేరు వరుసలు ఉంచి, చిన్నది ఏ రోజున కనిపించకుండా పోయిందో తప్పనిసరిగా రాయాలి. నా దృష్టిలో ఈ ఒక్క వరుస పది సగటు బరువులతో సమానం.

పెద్ద పక్షుల హాజరు దీనికంటే ముందే మాట్లాడుతుంది. మామూలు రోజుల్లో తల్లిదండ్రులు వంతులు వేసుకొని ఒకటి వేటకు పోతే మరొకటి గూటి దగ్గర కాపలా ఉంటుంది. చేప దూరమైన కొద్దీ ఆ కాపలా సమయం కరిగిపోతుంది, చివరికి రెండూ వెళ్లిపోయి పిల్లలు ఒంటరిగా మిగులుతాయి. పెద్దపక్షులు తమ ఖాళీ సమయాన్ని ఖర్చు చేసి పిల్లల బరువును కొంతకాలం నిలబెడతాయి కాబట్టి, బరువు తగ్గే నాటికి కొరత ముదిరిపోయి ఉంటుంది. రోజూ ఒకే గంటలో ఎన్ని గూళ్లు కాపలా లేకుండా ఉన్నాయో లెక్కపెట్టడానికి బైనాక్యులర్, ఓపిక చాలు.

ఏ చేప తెస్తున్నాయన్నది కూడా చూడాలి. కిట్టివేక్‌లు మేతను కడుపులో మోసుకొచ్చి కక్కి పెడతాయి, పక్షిని చేత్తో పట్టుకున్నప్పుడు కొన్ని తమంతట తామే కక్కేస్తాయి, ఆ నమూనాను దాచుకోవచ్చు. ఐల్ ఆఫ్ మే దగ్గర ప్రధాన ఆహారం శాండ్‌ఈల్ అనే సన్నని వెండిరంగు చేప. సీజన్ మొదట్లో ఏడాది దాటినవి, పిల్లల కాలంలో ఆ ఏడాది పుట్టినవి ఎక్కువగా కనిపిస్తాయి. చేపల సంఖ్య ఒక్కటే లెక్కపెడితే పొరబడతాం. 2004లో అదే దీవిలో గిల్లెమాట్‌లు పిల్లలకు స్ప్రాట్ చేపలు తెస్తూనే ఉన్నా ఆ చేపల్లో కొవ్వు, శక్తి బాగా తక్కువగా ఉండటంతో ఆ ఏడాది పిల్లల పెంపకం ఘోరంగా విఫలమైంది. తర్వాతి సంవత్సరాల్లో పైప్‌ఫిష్ వచ్చింది. అది గట్టిగా, ఎముకల పుల్లలా ఉండి పిల్లల గొంతులో ఇరుక్కునేది.

సీజన్ చివర ఎగిరిపోయిన పిల్లల సంఖ్యను మొత్తం గూళ్ల సంఖ్యతో భాగించాలి. గుడ్డు పెట్టని గూళ్లను హారంలోంచి తీసేయకూడదు. అంకె తక్కువ వచ్చిందని వెంటనే ఆహారం మీద నెట్టకుండా పెద్ద జాతుల సీగల్‌ల దాడి, తుఫాను, బర్డ్ ఫ్లూ వంటి కారణాలను తేదీలతో సహా పరిశీలించాలి. ఈ చిక్కును విడదీసే గొప్ప ఏర్పాటు అలాస్కా సింధుశాఖలోని మిడిల్టన్ దీవిలో ఉంది. అక్కడ వదిలేసిన సైనిక రాడార్ బురుజు గోడలకు గూళ్ల అరలు కట్టి, లోపల అద్దం వెనుక నుంచి కొన్ని జంటలకు 1996 నుంచి కాపెలిన్ చేపను అదనంగా పెడుతున్నారు. పక్కనున్న జంటలు సముద్రం మీదే ఆధారపడతాయి. అదనపు మేత అందిన జంటలు ముందుగా గుడ్లు పెట్టి, ఎక్కువ పిల్లలను పెంచుతాయి. సముద్రంలో చేప కరువైన ఏడాదుల్లో ఆ తేడా పెద్దదిగా, కలిసొచ్చిన ఏడాదుల్లో చిన్నదిగా కనిపిస్తుంది.

ఫలితాన్ని అర్థం చేసుకునేటప్పుడు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, ఆహారానికీ పిల్లల సంఖ్యకూ మధ్య సంబంధం సరళరేఖ కాదు. ఏడు సముద్ర ప్రాంతాల్లో పద్నాలుగు జాతుల పక్షుల లెక్కలు కలిపి 2011లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, చేపల నిల్వ దాని గరిష్ఠ స్థాయిలో మూడో వంతు కంటే తగ్గినప్పుడు పిల్లల ఉత్పత్తి జారిపోతుంది. అంతకు పైన ఉన్నంతవరకు మీ కొలతల్లో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. రెండోది, కారణం నిరుటిది కావచ్చు. చలికాలం చివర నీళ్లు వేడెక్కితే శాండ్‌ఈల్ పిల్లలు తక్కువగా బతుకుతాయి, ఆ లోటు మరుసటి ఏడాది వసంతంలో, ఏడాది వయసు చేప దొరకని పక్షులకు తెలిసొస్తుంది. మనుషుల చేపల వేట కూడా ఇందులో భాగమే. స్కాట్లాండ్ తూర్పు తీరంలో 2000లో శాండ్‌ఈల్ వేటను ఆపాక అక్కడి కిట్టివేక్‌ల సంతానోత్పత్తి మెరుగుపడింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు అమలయ్యే వేట నిషేధం చేప గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడటానికి ఉద్దేశించింది, అక్కడిది ఆ ఒక్క చేప మీద ఏడాది పొడవునా ఉన్న నిషేధం. కాబట్టి నోట్‌బుక్‌లో నిరుటి ఫిబ్రవరి, మార్చి నెలల నీటి ఉష్ణోగ్రతకూ, ఆ ఏడాది వేట జరిగిందా లేదా అన్నదానికీ చెరో గడి ముందే గీసి ఉంచుకోవాలి.