రొయ్యల సలాడ్ మెత్తబడిందా? పైనాపిల్ డ్రింక్ చేదెక్కిందా? ముందు ఇది చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, రొయ్యలు బాగానే ఉడికాయి, సలాడ్‌లో కలిపాక పిండిలా అయిపోయాయి." "వదినా, డ్రింక్ చేసినప్పుడు తియ్యగానే ఉంది, చుట్టాలొచ్చేసరికి చేదెక్కింది." కాకినాడలో చిన్న ఫంక్షన్లకు వంట ఆర్డర్లు చేస్తుంటాను. ఎండాకాలంలో భోజనానికి ముందు చల్లటి రొయ్యల సలాడ్, పక్కన పండ్లు మిక్సీలో తిప్పిన డ్రింక్ ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. చేయడం కష్టమేమీ కాదు. కానీ పాడైనప్పుడు అందరూ ముందుగా అనేమాట "రొయ్యలు తాజావి కావేమో" అని. అమ్మినవాళ్ల మీద కోపం తెచ్చుకునే ముందు రెండు సంగతులు చూసుకోండి. కలిపి ఎంతసేపైంది? గిన్నెలో ఏ పండు ఉంది? ఈ రెండూ తెలిస్తే సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి.

ఇంకో మాట. డ్రెస్సింగ్ కలపకముందే ఒక రొయ్య తీసి తిని చూడండి. అప్పుడే గట్టిగా ఉంటే తప్పు ఉడికించడంలో ఉంది. అప్పుడు బాగుండి తర్వాత చెడితే తప్పు గిన్నెలో ఉంది. ఈ ఒక్క రొయ్య తినడానికి బద్ధకించి, మొత్తం కలిపేశాక ఫోన్ చేస్తే నేనేం చెప్పగలను?

రొయ్య రబ్బరులా సాగుతోంటే

ఎక్కువ ఉడికింది, అంతే. కూరకు ఉడికించినట్టు సలాడ్‌కు ఉడికిస్తే కుదరదు. కూరలో మసాలా, నూనె ఆ గట్టిదనాన్ని కప్పేస్తాయి, ఇక్కడ అవి ఉండవు. అర కిలో ఒలిచిన రొయ్యలకు రెండు లీటర్ల నీళ్లలో ఉప్పేసి తెర్లనివ్వండి. రొయ్యలు వేసి, మంట తగ్గించి, పక్కనే నిలబడండి. 50 కౌంట్ వెనామీ, అంటే చెరువుల్లో పెంచే రొయ్యల్లో కిలోకు యాభై తూగేవి, రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి. కొడవలిలా వంగితే సరిపోయింది. తోక వచ్చి మెడను తాకేలా సున్నా చుట్టుకుందంటే దాటిపోయింది. ఒకటి తీసి లావుగా ఉన్నచోట కోసి చూడండి, లోపల గాజులా మెరుపు ఉండకూడదు. తీసిన వెంటనే ఐసు నీళ్లలో వేయాలి. చిల్లుల గిన్నెలో కుప్పగా వదిలేస్తే వాటి వేడికి అవే ఇంకా ఉడుకుతాయి.

కొందరు పచ్చి రొయ్యల్ని నిమ్మరసంలో వేసి, తెల్లబడగానే ఉడికిపోయాయనుకుంటారు. పులుపుకు రంగు మారుతుంది గానీ లోపలి క్రిములు చావవు. ఎండాకాలంలో అసలే వద్దు.

గిన్నె అడుగున నీళ్లు చేరుతుంటే

తడి తుడవకుండా కలిపారు, లేదా కీరదోసకు ముందే ఉప్పేశారు. రొయ్యల్ని పలచటి పొడి బట్టలో ఒత్తి ఆరబెట్టండి. కీరదోస మధ్యలోని గింజల భాగం చెంచాతో గీకేసి, ఉప్పు వడ్డించే ముందు వేయండి. ఫ్రోజెన్ ప్యాకెట్ రొయ్యలైతే రాత్రే ఫ్రిజ్ కింది అరలో, చిల్లుల గిన్నెలో పెట్టి కరగనివ్వండి. ఆ కారే నీళ్లు చూస్తే తెలుస్తుంది, తూకంలో ఎంత ఐసు కొన్నామో.

నీచు వాసన వస్తుంటే

వీపు మీది నల్ల నరం తీయలేదు. ఉప్పు, పసుపు వేసి కడిగి, నరం తీసి, మళ్లీ కడగండి. ముక్కుకు ఘాటుగా అమ్మోనియా వాసన కొడితే మాత్రం ఏం చేసినా లాభం లేదు, పారేయండి.

కలిపినప్పుడు బాగుంది, తినేసరికి రొయ్య పిండిలా అయిపోతే

అసలు చెప్పాలనుకున్నది ఇదే. దీనివల్ల నేను ఒక ఆర్డర్ మొత్తం పోగొట్టుకున్నాను.

ఒక ఆదివారం పుట్టినరోజు విందు, అరవై మంది. తెల్లవారుజామున తెచ్చిన నాలుగు కిలోల వెనామీ, సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన పైనాపిల్స్. పండు కోస్తుంటే ఇల్లంతా వాసన. పది గంటలకల్లా రొయ్యలు, పైనాపిల్ ముక్కలు, కీరదోస, ఉల్లిపాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మరసం అన్నీ కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. రుచి చూశాను, చాలా బాగుంది. మిగిలిన పైనాపిల్‌లో పాలు, కొంచెం పెరుగు, పంచదార వేసి మిక్సీలో తిప్పి జగ్గుల్లో పోసి అదీ లోపల పెట్టాను.

ఒంటిగంటకు మూత తీశాను. చూడ్డానికి ఏమీ మారలేదు. చెంచాతో ఒక రొయ్యను నొక్కితే అంచు విరిగి తడి రొట్టెలా చిదికిపోయింది. అడుగున చేరిన రసం తెల్లగా, మబ్బుగా ఉంది. నోట్లో పెట్టుకుంటే కొరకడానికి ఏమీ లేదు. ఈలోపు డ్రింక్ తాగిన పిల్లలు ఒక్కొక్కరే గ్లాసు కింద పెట్టేస్తున్నారు. పైన తెల్లటి విరుగు, కింద పసుపు నీళ్లు, గొంతులో దిగని చేదు.

ఆ ఇంటి పెద్దావిడ "రొయ్యలూ పాలూ ఒకపూట చేయకూడదమ్మా, అందుకే" అన్నారు. ఆవిడ నమ్మకం ఆవిడది, దాన్ని నేను కాదనను. రొయ్యలున్న పూట పాలు వద్దనే ఇళ్లలో నేనూ పాల డ్రింక్ పెట్టను. కానీ ఆ జగ్గు రొయ్యల దరిదాపుల్లోకే రాలేదు, ఎవరూ ఇంకా రొయ్య తినకముందే చేదెక్కింది. రొయ్యలు ఇచ్చినాయన్ని అడిగితే, అదే బుట్టలోవి ఇంకో ఇంట్లో వేపుడు చేస్తే బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. రెండూ చెడ్డాయి, రెండింట్లో ఉన్నది ఒక్కటే: పచ్చి పైనాపిల్, అంటే పండినదే గానీ వేడి తగలనిది.

మటన్ ముదురుదైతే మనం ఏం చేస్తాం? బొప్పాయి కాయ ముక్క వేస్తాం. ఆ కాయలో ఉండే పపైన్ అనే ఎంజైమ్ మాంసంలోని ప్రొటీన్‌ను తెంపుతుంది, అందుకే ముక్క మెత్తబడుతుంది. అనాసలోనూ అలాంటిదే ఉంది, పేరు బ్రోమెలైన్. పైనాపిల్ ఎక్కువ తింటే నాలుక చురచురలాడుతుంది కదా, అందులో దీని పాత్ర కూడా ఉంది. మటన్ పీచు గట్టిది కాబట్టి కాసేపు తెంపినా మేలే. రొయ్య కండ అసలే మెత్తన. ఉడికిన రొయ్యను కూడా ఇది పైనుంచి తింటూ పోతుంది. పాలలోనూ ఇదే జరుగుతుంది. ప్రొటీన్ తెగి పాలు విరుగుతాయి, ఆ తెగిన ముక్కలే నాలుకకు చేదు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో చూసుకోండి, నేను మర్నాడే చూశాను. ఉడికించిన రొయ్యలు ఐదేసి చొప్పున మూడు గిన్నెల్లో వేశాను. ఒకదాంట్లో పచ్చి పైనాపిల్, ఇంకోదాంట్లో పెనం మీద బాగా వేడిచేసి చల్లార్చిన పైనాపిల్, మూడోదాంట్లో మామిడి. ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచి వేళ్లతో నొక్కాను. మొదటి గిన్నెలోవి వేలికి అంటుకున్నాయి. మిగతా రెండింట్లోవి నొక్కితే స్ప్రింగులా తిరిగి లేచాయి.

ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని ధైర్యంగా ఉండకండి. చల్లదనం దాని పని నెమ్మది చేస్తుంది, ఆపదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన ముక్కలు కరిగాక మళ్లీ అదే పని చేస్తాయి. ఉప్పు నీళ్లలో ముంచినా పోదు. నిమ్మరసం పిండినా పోదు, అనాసే పుల్లటి పండు. నడిమధ్య గట్టి కాడ పారేయడం ఎందుకని మిక్సీలో వేస్తారు కొందరు. ఆ కాడలోనూ ఈ గుణం బాగా ఉంటుంది, పచ్చిగా వేయకండి.

దాన్ని చంపేది వేడి ఒక్కటే. టిన్నులో వచ్చే పైనాపిల్‌ను తయారీలోనే బాగా వేడి చేస్తారు కాబట్టి దాంతో ఈ బాధ లేదు. తాజా పండైతే అర అంగుళానికి మించకుండా చిన్న ముక్కలు కోయండి. వెడల్పాటి పెనం వేడెక్కాక ఒక వరసగా పరిచి, చిటికెడు ఉప్పు, కాస్త కారం చల్లి, రసం బయటికొచ్చి బుడగలు కట్టేదాకా, అది దగ్గరపడేదాకా ఐదారు నిమిషాలు కదుపుతూ ఉండండి. అంచులు ఎర్రబడతాయి, తీపి చిక్కబడుతుంది. పచ్చి పైనాపిల్ సలాడ్ కన్నా ఇదే నాకు ఎక్కువ ఇష్టం.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. గ్రిల్ చేశామంటారు, పెద్ద చక్రాలు కోసి పైపైన నల్లచారలు పడగానే దించేస్తారు. చక్రం మధ్యలో వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా కూడా ఉండదు. లోపల పచ్చిగా ఉన్నంత మేరా ఎంజైమ్ బతికే ఉంటుంది. ముక్క మధ్యదాకా పొగలు కక్కేలా కాలాలి. తర్వాత పూర్తిగా చల్లార్చే రొయ్యల్లో కలపండి.

అంత ఓపిక లేకపోతే రెండు దారులున్నాయి. పచ్చి ముక్కలు విడిగా పెట్టి, ప్లేటులో వడ్డించేటప్పుడు పైన వేయండి. పది నిమిషాల్లో తినేస్తే ఏమీ కాదు. లేదంటే పండే మార్చేయండి. కాస్త గట్టిగా ఉన్న బంగినపల్లి ముక్కలు రొయ్యలతో చక్కగా కుదురుతాయి. పుచ్చకాయ, దానిమ్మ, ద్రాక్ష, ఏదైనా పర్వాలేదు. కివీ, ఎండబెట్టని తాజా అంజీర్ మాత్రం అనాస లాంటివే అనుకోండి. అల్లంలోనూ ఈ గుణం ఉంది. టీలో పచ్చి అల్లం వేసినప్పుడు పాలు విరగడం చూసే ఉంటారు. అందుకే పచ్చి రొయ్యలకు అల్లం ముద్ద పట్టించి గంటలకొద్దీ ఉంచొద్దు, పావుగంట చాలు.

డ్రింక్‌కూ ఇదే మందు. పాలు, పెరుగు వేయాలనుకుంటే పైనాపిల్‌ను ముందు ఉడికించి చల్లార్చండి. పచ్చిదే కావాలంటే పాలు మానేసి కొబ్బరినీళ్లు వేయండి. నేను చేసేది ఇలా: పెనం మీద మగ్గించిన పైనాపిల్ రెండు కప్పులు, బంగినపల్లి ముక్కలు ఒక కప్పు, కొబ్బరినీళ్లు ఒక కప్పు, నాలుగు పుదీనా ఆకులు, చిటికెడు ఉప్పు, గుప్పెడు ఐసు. రొయ్యల పక్కన పాలు వద్దనే ఇంట్లోనూ ఇది సరిపోతుంది.

ఇవి కాకుండా

రొయ్య తలవైపు మాత్రమే మెత్తగా ఉందంటే, తలతో కొని, ఐసు లేకుండా ఎండలో తెచ్చారన్నమాట. కొన్నచోటే తలలు తీయించుకోండి. సలాడ్ చెడకపోయినా, ఈ ఎండల్లో గంటకు మించి బయట పెట్టకండి.

చల్లబడ్డాక డ్రింక్ చప్పగా అనిపిస్తే పంచదార కుమ్మరించకండి, చల్లటి దాంట్లో తీపి తక్కువే తెలుస్తుంది. చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చూడండి. పుచ్చకాయ డ్రింక్ విడిపోవడం దాని స్వభావం, ఒకసారి కలిపి ఇవ్వండి. రసాల మామిడి వేస్తే పీచు వస్తుంది, వడకట్టండి. బత్తాయి చేదెక్కిందంటే గింజలు, తెల్లపొర మిక్సీలో పడ్డాయి.

డ్రింక్‌కు ఉల్లిపాయ వాసన వస్తోందని ఏడాదికి ఒకరైనా అడుగుతారు. పండ్లలో ఏం లేదు. మసాలా నూరిన జార్ మూత లోపల రబ్బరు రింగు ఉంటుంది, దాన్ని ఊడదీసి వేడినీళ్లు, నిమ్మచెక్కతో తోమి ఒక పూట ఎండలో పెట్టండి. వీలైతే పండ్లకు వేరే జార్ ఉంచుకోండి.