ఒకే మాట, వేరువేరు అర్థాలు: చుట్టరికం తేల్చేదెలా

'గిఫ్ట్' ఇంగ్లీషులో కానుక, జర్మన్‌లో విషం. స్వీడిష్‌లో నామవాచకమైతే విషం, విశేషణమైతే 'పెళ్లయిన' అని అర్థం. ఇలాంటి మాట తగిలినప్పుడు, అవి చుట్టాలేనా, అంటే ఒకే మూలం నుంచి పుట్టాయా అని తేల్చడానికి నేటి అర్థాలను పక్కనపెట్టి, ఒక్కో భాషలో దొరికే అతి పాత రూపాన్నీ అర్థాన్నీ వరసగా రాసుకోండి. పాత జర్మన్‌లోనూ 'గిఫ్ట్' అంటే ఇవ్వడమే. మందు మోతాదుకు గ్రీకులో వాడిన 'దోసిస్'కూ మూలార్థం అదే. ఆ ప్రభావంతో 'ఇచ్చినది' కాస్తా మోతాదై, చివరికి విషంగా స్థిరపడింది. స్వీడిష్ అర్థం పిల్లనివ్వడం నుంచి వచ్చింది.

తర్వాత సమాసాలు వెతకండి. పాత అర్థం ఎక్కువగా మిగిలేది వాటిలోనే. జర్మన్ 'మిట్‌గిఫ్ట్' అంటే కట్నం, అందులో విషం లేదు.

చాలామంది పొరబడేది పోలికను నమ్మి. ఇంగ్లీషు 'హ్యావ్', లాటిన్ 'హబేరే' రెండింటికీ 'కలిగి ఉండు' అనే అర్థం, అయినా చుట్టాలు కావు. లాటిన్‌లో మాట మొదటి 'క'కు జర్మానిక్ భాషల్లో (ఇంగ్లీషు, జర్మన్, స్వీడిష్ వంటివి) 'హ' వస్తుంది కనుక, 'హ్యావ్'కు అసలు బంధువు 'కపెరె' (పట్టుకొను). 'హబేరే'కు దగ్గరిది 'గివ్' అని, అంటే 'గిఫ్ట్' కుటుంబమేనని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. అందుకే 'క'కు 'హ' లాంటి ధ్వని సూత్రం సరిపోనిదే ఏ రెండు మాటలకూ బంధుత్వం కలపకండి.