పొలం తాకట్టు పెట్టకముందు

మాది పులివెందుల దగ్గర పల్లె. కడపలో ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక న్యూరోసైన్స్‌లో, అంటే మెదడు, నరాల శాస్త్రంలో పీహెచ్‌డీకి అమెరికా పోతానంటే మా నాయన అడిగిన మొదటి మాట, "రెండెకరాలు బ్యాంకులో పెడితే సరిపోతాదా?" అని. అక్కడి సైన్స్ పీహెచ్‌డీలో మామూలుగా ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారని అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. న్యూరోసైన్స్ జాయింట్ ప్రోగ్రామ్‌లకు అప్లై చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అందుకే ముందు డబ్బు సంగతి చెప్తాను.

జాయింట్ ప్రోగ్రామ్ అంటే రెండు మూడు సంస్థలు కలిసి నడిపేది. కార్నెగీ మెలన్, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలు కలిసి న్యూరల్ కంప్యుటేషన్‌లో (మెదడు పనితీరును లెక్కలతో, కంప్యూటర్లతో చదివే శాఖ) పీహెచ్‌డీ ఇస్తాయి. రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఐఐటీ బాంబే, ఆస్ట్రేలియాలోని మోనాష్‌లకు కూడా ఉమ్మడి పీహెచ్‌డీ ఉంది. అక్కడ ప్రాజెక్టును ఎంచుకుని అప్లై చేయాలి, కాబట్టి ఆ ఏడు జాబితాలో మెదడు మీద పని ఉందో లేదో చూసుకోండి. మాస్టర్స్ అయితే జాగ్రత్త, చాలాచోట్ల ఖర్చు మనదే. యూరప్‌లోని ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే మాత్రం ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు.

అమెరికాలో ఒక మెలిక ఉంది. ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ) ఇచ్చే ట్రైనింగ్ గ్రాంట్లు అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మనకు డబ్బు డిపార్ట్‌మెంట్ నుంచో, గైడ్ ప్రాజెక్టు నుంచో రావాలి. అందుకని మొహమాటపడకుండా మెయిల్‌లో అడగండి: విదేశీ విద్యార్థికి మొదటి ఏడాది స్టైపెండ్ ఎవరిస్తారు? ల్యాబ్ రెండో యూనివర్సిటీలో దొరికితే అప్పుడెవరిస్తారు? నేను నలుగురిని అడిగాను, ముగ్గురు వివరంగా జవాబిచ్చారు. అప్లికేషన్ ఫీజు మాఫీ కూడా అడిగితేనే వస్తుంది.

ఇక స్టేట్‌మెంట్, అంటే ఈ చదువు ఎందుకు కావాలో అప్లికేషన్‌తో పాటు రాసిచ్చేది. "చిన్నప్పటి నుంచి మెదడంటే ఇష్టం" అని మొదలుపెట్టి, తర్వాత కొట్టేశాను. మా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో క్లోర్‌పైరిఫాస్ కలిపిన నీళ్లలో చేపల్ని ఉంచి, వాటి మెదడులో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఎంత తగ్గిందో కొలిచాం. మా పొలాల్లో కొట్టే మందు అది. ఆ ఎంజైమ్ ఆగితే నరాల మధ్య సంకేతాలు మోసే ఎసిటైల్‌కోలిన్ విరగకుండా నరాల మధ్యే పేరుకుపోతుంది. అక్కడి నుంచి రాసుకొచ్చాను. ఇంటర్వ్యూలో అందరూ దాని గురించే అడిగారు. మీరు చేసిన పని చిన్నదే కావచ్చు, కానీ ఏం కొలిచారో, ఏం అర్థం కాలేదో రాయండి.

రికమండేషన్ లెటర్లు సాధారణంగా మూడు కావాలి. పెద్ద పదవిలో ఉన్న సారు కంటే, మీరు ల్యాబ్‌లో పైపెట్ పట్టుకున్నప్పుడు పక్కన నిలబడిన మేడమే బాగా రాస్తారు. గడువులు ఎక్కువగా డిసెంబర్‌లో ఉంటాయి, సెప్టెంబర్‌లోనే అడగండి. ట్రాన్స్‌క్రిప్ట్‌లకు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలు) ఇంకా ముందే. నావి చేతికి రావడానికి ఏడు వారాలు పట్టింది, ఆ టెన్షన్ మీకొద్దు.

ఇక్కడి దారి కూడా తెరిచి ఉంచుకోండి. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, పైన హెచ్ఆర్ఏ. ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ పెట్టే జేజీబిల్స్ (JGEEBILS) పరీక్ష రాస్తే బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కు అప్లై చేయొచ్చు.

స్టైపెండ్ వచ్చినా వీసా ఫీజులు, టికెట్, మొదటి నెల అద్దె మనమే పెట్టుకోవాలి. మాకు అది ఆ ఏడు శెనక్కాయల డబ్బుతో సరిపోయింది. పాసుపుస్తకం బీరువాలోనే ఉంది.