డ్రోన్ మోటార్ షాఫ్ట్ (మధ్యలో ఉండే ఇరుసు) మార్చే ముందు ఇవి చూసుకోండి

ముందు బ్యాటరీ తీసేయండి, ప్రొపెల్లర్లు విప్పేయండి. ఈ రెండూ అవ్వకుండా మోటార్‌ మీద చెయ్యి వెయ్యొద్దు.

వంగింది నిజంగా షాఫ్టేనా? మోటార్ బయట గిన్నెలా తిరిగే భాగాన్ని బెల్ అంటారు. బెల్‌ను వేలితో మెల్లగా తిప్పుతూ షాఫ్ట్ కొనను పక్క నుంచి చూడండి. కొన ఊగుతుంటే షాఫ్టే. కొన నిలకడగా ఉండి గరగరమంటుంటే బేరింగ్ పోయి ఉండొచ్చు. వంగినదాన్ని సుత్తితో సరిచేద్దామనే ఆలోచన మానుకోండి, వణుకు పోదు.

కొత్త షాఫ్ట్ మందాన్ని క్యాలిపర్‌తో కొలవండి. 3 మి.మీ., 3.17 మి.మీ. కంటికి ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు. పొడవు, షాఫ్ట్ జారకుండా పట్టే సి-క్లిప్ కూర్చునే గాడి ఉన్న చోటు కూడా పోల్చండి.

రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. సి-క్లిప్ జారితే ఎటు ఎగురుతుందో తెలియదు. దాని కింద సన్నని వాషర్లుంటాయి, ఏ వరుసలో వచ్చాయో ఫోటో తీసుకోండి.

అన్నిటికన్నా నాకు భయం బెల్ లోపలి అయస్కాంతాల గురించే. బల్ల మీద ఇనుప రజను ఉంటే బెల్ లోపలికి లాగేసుకుంటుంది, తర్వాత తియ్యడం నరకం. అందుకే తెల్ల గుడ్డ పరిచి కూర్చోండి. గ్రబ్ స్క్రూ (షాఫ్ట్‌ను బెల్‌కు బిగించే తలలేని చిన్న స్క్రూ) జిగురు వదలకపోతే వేడిచేసిన సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూకే ఆనించండి. బెల్ మొత్తాన్ని వేడిచేయొద్దు. మామూలు నియోడైమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి.

షాఫ్ట్‌ను కొట్టకండి, నిటారుగా నొక్కి తీయండి. బెల్‌కు కింద ఆనిక ఉండాలి. రాగి తీగల మీద స్క్రూడ్రైవర్ గీత పడకూడదు.